కన్ను మార్చాలి

ఆ గురువారం పొద్దున బంగారయ్య వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. రాగులతో కాచిన సోడి అంబలి తాగి, భార్య బుల్లమ్మను వెంటబెట్టుకుని కాలువ పక్క చెరకు తోటకు వెళ్ళాలి. గాలివానకు పడిపోకముందే గడలకు జడలు చుట్టాలి. జడ చుట్టడమంటే ఎండిన ఆకును పేని, నాలుగైదు గడలను కలిపి కట్టి నిలబెట్టడం. పెళ్ళయినప్పటి నుంచీ చుట్టేది బంగారయ్య. ఏ గడ ఎటు వాలిందో చూసి చెప్పేది బుల్లమ్మ. ఈమధ్య ఆమె చెప్పడం కొంచెం ఎక్కువైంది గాని, ఎందుకని ఇద్దరూ ఒకరినొకరు అడగలేదు.

వాళ్ళ ఊరు తుమ్మపాలకు అవతల ఉంటుంది. కొడుకూ కోడలూ మందుల కంపెనీలో పొద్దుటి షిఫ్టుకు వెళ్ళిపోతారు. అక్కడ సెల్‌ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకుంటారు. మనవరాలు ఇందు అనకాపల్లిలో డిగ్రీ చదువుతోంది. ఆ ఇంట్లో కాలేజీ లోపలికి వెళ్ళిన మొదటి మనిషి ఆమే. పోయిన ఏడాది నుంచి కాలేజీ గ్రౌండులో విలువిద్య కూడా నేర్చుకుంటోంది. వినాయక చవితి నిమజ్జనాలు అయ్యాక జిల్లా జట్టుకు ఎంపిక జరుగుతుంది. అందులో చోటు దొరికితే రాష్ట్ర పోటీలకు వెళ్ళొచ్చు. ఆ చోటు తప్ప ఆ ఏడాది ఇందు ఎవరినీ ఏదీ అడగలేదు, దేవుణ్ణి కూడా.

చిక్కల్లా ఒకటే. ఆమె వేసే బాణాలన్నీ గుప్పెడంత చోటులో పక్కపక్కనే దిగేవి. కాని ఆ గుప్పెడు ఎప్పుడూ గురి అట్ట నడిమి పసుపు వలయానికి ఎడమ పక్కనే ఉండేది. గురి లేని మనిషి బాణాలు తలో దిక్కుకూ పోవాలి. ఇవి అలా పోవు. గుర్తుపెట్టుకుని మరీ తప్పు చోటికే వెళ్తాయి. ఒకరోజు బంగారయ్య గ్రౌండుకు వచ్చి గట్టు మీద కూర్చుని ప్రతి బాణానికీ చప్పట్లు కొట్టాడు. బాణం అట్టను దాటిపోయి వెనక గోనె పట్టాల్లో పడినప్పుడు కూడా కొట్టాడు. తాతకు తనంటే అంత ప్రేమ అనుకుంది ఇందు. ఆ మాట నిజమే. కాని కారణం అదొక్కటే కాదు.

ఆ పొద్దున బస్సుకు పరుగెత్తే తొందరలో ఇందు తన ఫోను కిటికీ దగ్గర చార్జింగులో మరిచిపోయింది. బంగారయ్య అంబలి గ్లాసు ఎత్తుతుండగా అది మోగింది. రేకుల మీద వాన టపటపా పడుతోంది.

"హలో, ఇందూ?"

"ఇందు కాలేజీకెల్లిపోనాది బాబూ. నాను ఆళ్ళ తాతని."

"నమస్తే తాతగారూ. నేను తారిఖ్‌ని, ఇందు వాళ్ళ కోచ్‌ని. మీరైనా పర్వాలేదు, ఇంట్లో పెద్దవాళ్ళకి చెప్పాలనే చేశాను. నిన్న సాయంత్రం ఇందుకి టెస్టు చేశానండి. కన్ను మార్చాలి."

బంగారయ్య నులక మంచం మీద కూర్చున్నాడు. "ఏటి బాబూ?"

"కన్నండీ. కుడి కన్నుని నమ్ముకుంటే లాభం లేదు. ఇన్నాళ్ళూ నేనే చూసుకోలేదు, తప్పు నాదే. ఎడమకి మార్చేద్దాం. చవితి లోపల మార్చేస్తే అలవాటైపోతుంది, పరేషాన్ ఏం లేదు."

"మరి... దొరుకుతాదా బాబూ?"

"దొరికేసిందండి! విశాఖపట్నంలో ఒక అమ్మాయిది ఉంది, లెఫ్ట్‌ది. ఆ అమ్మాయి ఇప్పుడు లేదు కదా, వెళ్ళిపోయింది. ఊరికే పడుంది, తీసుకుపొండి అన్నారు వాళ్ళ నాన్న. మధ్యాహ్నానికి మా తమ్ముడు బస్సులో తెచ్చేస్తాడు. మీరేం బెంగ పెట్టుకోకండి."

"సరే సార్," అన్నాడు బంగారయ్య.

చదువుకున్నవాళ్ళతో మాట్లాడేటప్పుడు అర్థం కాలేదని చెప్పడం ఆయనకు చేతకాదు. బ్యాంకులోనూ, వ్యవసాయాఫీసులోనూ "సరే సార్" అనేసి వచ్చి, ఇంటి దగ్గర బుల్లమ్మతో కూర్చుని అర్థం వెతుక్కునేవాడు.

తారిఖ్ చెప్పదలచుకున్నది ఇది. మనిషికి చేతుల్లో ఒకదానిది పైచేయి అయినట్టే, కళ్ళలో కూడా ఒకదానిది పెత్తనం. రెండు అరచేతులూ కలిపి మధ్యలో చిన్న సందు ఉంచి, దూరంగా ఉన్న వస్తువును అందులోంచి చూస్తూ చేతులను మెల్లగా మొహం దగ్గరకు తెచ్చుకుంటే, అవి తమంతట తామే ఏదో ఒక కంటి ముందుకు చేరతాయి. పెత్తనం ఆ కంటిది. ఇందు చేతులు ఎడమ కంటి ముందుకు చేరాయి. ఆమె మాత్రం కుడి చేత్తో నారి లాగి, బాణాన్ని కుడి కంటి కింద పెట్టుకుంటోంది. చెయ్యి ఒక కంటి కింద, గురి ఇంకో కంటిది. అందుకే బాణాలు ఎడమకు పోతున్నాయి. ఇక చెయ్యి మార్చి, ఎడమ చేత్తో లాగి, ఎడమ కంటితో గురి చూడాలి. అందుకు ఎడమ చేతివాటం వాళ్ళు వాడే విల్లు కావాలి. అలాంటిది ఒకటి విశాఖపట్నంలో దొరికింది.

తారిఖ్ "విల్లు" అన్న మాట ఒక్కటే మరిచిపోయాడు. పొద్దస్తమానం విల్లుతోనే ఉండేవాళ్ళు దాని పేరు ఎత్తరు.

"ఏటయ్యా, ఎవులు?" అంటూ బుల్లమ్మ వంటింట్లోంచి వచ్చింది.

"బుల్లీ, పిల్లకి కన్ను పోనాదే."

"ఏ పిల్లకి?"

"మన పిల్లకే. కుడి కన్ను పనికిరాదంట. మార్సాలంట. ఇశాపట్నంలో ఎవులో సచ్చిపోయిన గుంటది తెత్తన్నారంట. బస్సులో."

బుల్లమ్మ చేతిలోని అంబలి గిన్నెను జాగ్రత్తగా కింద పెట్టింది. ఎంత కంగారులోనైనా ఒలకబోసే అలవాటు ఆమెకు లేదు. ఆ తర్వాత గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఓలమ్మోలమ్మ! పొద్దున్నే జడేసుకున్నాది కదయ్యా. నా మొకం సూసి నవ్వింది కదా!"

"ఒక కన్నుతో నవ్వీసినాదేమో. మనకి సెప్పలేక."

ఒకసారి అనుమానం పుట్టాక అన్నీ దానికి సాక్ష్యాలే అవుతాయి. నిన్న సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి ఇందు రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని, ఆ సందులోంచి మామ్మను చూసింది. కరెంటు స్తంభాన్ని చూసింది. ఆడుకుంటోందని బుల్లమ్మ అనుకుంది. బాణాలు పక్కకు పోతున్నాయని పిల్ల మొన్న ఏడ్చింది. చిన్నపిల్ల చాదస్తమని బంగారయ్య అనుకున్నాడు. ఇప్పుడు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ముక్కూ మొకం తెలీని పిల్ల కన్ను మన పిల్లకెందుకే? మనింట్లో నేవా కళ్ళు? నాదిచ్చెత్తాను," అన్నాడు బంగారయ్య.

"నీదా? నీ కన్నెట్టుకుని పిల్ల ఏటి సూత్తాది? నాదిత్తాను. నా కన్ను ఇప్పటికీ సూదిలో దారం ఎక్కిత్తాది."

"ఆడమడిసి, నీకు కన్ను నేకపోతే బాగోదు. నాకేటి, ఇంక నన్నెవులు సూడొత్తారు?"

"బాగోడం కాదు, పనిసెయ్యాల. రా, తేల్చీసుకుందాం."

వాన కొంచెం తెరిపి ఇచ్చింది. ఇద్దరూ వాకిట్లో నిలబడ్డారు. దూరంగా, పొలాల మీదుగా, ఫ్యాక్టరీ గొట్టం ఒకటి కనిపిస్తుంది. బుల్లమ్మ తన చేత్తో భర్త ఎడమ కన్ను మూసింది.

"గొట్టం కనపడతందా?"

"ఓ, కనపడతంది."

"పొగ వత్తందా?"

"దట్టంగా వత్తంది."

ఆ గొట్టంలోంచి పొగ రావడం మానేసి ఏళ్ళయింది. ఆ సంగతి తర్వాత చూసుకోవచ్చని బుల్లమ్మ పమిట కొంగుకు ఒక ముడి వేసుకుంది.

సరిగ్గా అప్పుడే త్రినాధరావు ఆటో వాకిట్లో ఆగింది. ఆయన ఇందు మేనమామ. ఎవరికి కష్టం వచ్చినా ముందుగా చేరే మనిషి. కష్టం ఇంకా రాని చోటుకు కూడా ముందే చేరేవాడు. సంగతంతా విని ఆటో ఇంజను ఆపేశాడు. మామూలుగా ఆయన ఆ పని చేయడు.

"సూడు మావా, కన్నంటే ఎవలది పడితే ఆళ్ళది అతకదు. గ్రూపు కలవాల."

"ఏ గ్రూపు?"

"బ్లడ్డు గ్రూపు. పిల్లదేటి?"

"నాకేటి తెలుసు?"

"నాకు తెలుసు, ఓ పాజిటివ్. మొన్న కాలేజీలో రక్తం ఇచ్చింది కదా. నువ్వుండు, గ్రూపుల్లో పెట్టెత్తాను."

"ఇదేం గ్రూపురా మళ్ళీ?"

"ఇది వాట్సాపు గ్రూపు మావా. నీకు తెలీదు."

"ముందల ఆ కోచ్ బాబుకోపాలి పోను సెయ్యరాదా?" అంది బుల్లమ్మ.

ఆ మాట మీద నిలబడితే కథ అక్కడే ఆగిపోయేది. కాని ఇందు ఫోను వచ్చిన కాల్ ఎత్తనిస్తుంది గాని, ఆమె వేలు పెడితే తప్ప కాల్ చేయనివ్వదు. బంగారయ్య తన వేలు పెట్టి చూశాడు. బుల్లమ్మ తన వేలు తుడుచుకుని మరీ పెట్టింది. కోచ్ నంబరు ఇంకెవరి దగ్గరా లేదు.

త్రినాధరావు మంచం మీద కూర్చుని, పెదవులు కదుపుతూ ఇలా టైపు చేశాడు: "అర్జంట్. మా మేనకోడలు ఇందు, డిగ్రీ విద్యార్థిని, విలువిద్య క్రీడాకారిణి. కన్ను కావలెను. ఎడమది. ఓ పాజిటివ్ వారికి ప్రాధాన్యం. దాతలు సంప్రదించగలరు." దాని కింద తన నంబరు వేసి, తన ఫోనులో ఉన్న ఇందు ఫోటో ఒకటి జత చేశాడు. ఆ ఫోటోలో ఇందు విల్లు ఎక్కుపెట్టి, ఒక కన్ను మూసుకుని గురి చూస్తోంది. దాంతో నమ్మనివాళ్ళు ఎవరూ లేకపోయారు.

ఆ కబురు ఆటో స్టాండు గ్రూపులోంచి బెల్లం మార్కెట్ గ్రూపులోకి, అక్కడి నుంచి పదో తరగతి పాత విద్యార్థుల గ్రూపులోకి వెళ్ళింది. అరగంట తిరిగేసరికి త్రినాధరావు ఫోను వదలకుండా మోగుతోంది. ఎలమంచిలి నుంచి ఒకాయన కావలసింది కన్నా, కళ్ళజోడా అని అడిగాడు. ఏటికొప్పాక నుంచి బొమ్మలు చేసే ఆయన ఒకరు ఫోను చేశారు.

"అంకుడు కర్రతో సేసి లక్క రంగేసి ఇత్తానండి. ఎవులూ పోల్చుకోలేరు. గిర్రున తిరుగుతాది కూడాను."

"సూపు కనపడతాదా?"

"సూపు మీరు సూసుకోవాలండి. సెక్క వరకూ నాను సూసుకుంటాను."

వాకిట్లో జనం చేరారు. వచ్చినవాళ్ళు చేతులూపుకుంటూ రాలేదు. బ్రెడ్డు పొట్లాలూ, బత్తాయిలూ గుమ్మం పక్కన పేరుకున్నాయి. బుల్లమ్మ దేవుడి దగ్గర ఒక దీపం ఇందు కోసం పెట్టింది. ఇంకో దీపం, విశాఖపట్నంలో చనిపోయిన ఆ పేరు తెలియని పిల్ల కోసం పెట్టింది. "ఆ కన్నతల్లి కడుపు ఎంత మండిపోతన్నాదో," అని కన్నీళ్ళు పెట్టుకుంది. మనవరాలి బాధలో ఉన్న మనిషికి అంత చోటు ఎక్కడి నుంచి వచ్చిందో గాని, ఆ రెండో దీపంలోనూ నూనె ఆమె నిండుగానే పోసింది.

"ఇంక నానిక్కడ ఆగనేను," అన్నాడు బంగారయ్య పంచె బిగించుకుంటూ. "త్రినాదా, ఆటో తియ్యి. ఆ బస్సు వొచ్చీలోపల మనం ఆస్పత్రికి ఎల్లిపోవాల. నాది తియ్యించెత్తాను."

ఇక్కడ ఇలా జరుగుతుండగా, కాలేజీలో ఇందుకు లోకం ఒక్కసారిగా మంచిదైపోయింది. స్నేహితురాలు లావణ్య మెట్లు దిగేటప్పుడు చెయ్యి పట్టుకుని, "ఇక్కడ ఇంకో మెట్టుందే," అంది. తెలుగు మేడమ్ ముందు బెంచీలో కూర్చోమన్నారు. క్యాంటీన్‌లో ఎవరో ఆమె ప్లేటులో గారె పెట్టి, అది ఎక్కడుందో కూడా చెప్పారు. "ఏమైందే మీ అందరికీ?" అని ఇందు అడిగేలోపు తారిఖ్ గ్రౌండు వైపు నుంచి పరుగెత్తుకొచ్చాడు. ఒక చేతిలో ఫోను, భుజానికి పొడుగాటి సంచి.

"ఇందూ, సెలక్షన్ కమిటీ కార్యదర్శి ఫోన్ చేశారు. కన్ను బాగులేని అమ్మాయి పేరు ఎందుకు పంపావని అడుగుతున్నారు. అయిదింటికి పేర్లన్నీ ఖాయం చేసేస్తారట. ఈలోపల కళ్ళ డాక్టరు సర్టిఫికెట్ పంపకపోతే నీ పేరు తీసేస్తారట."

ఇందు ఆ ఫోనులో తన ఫోటో చూసింది. కింద మేనమామ నంబరు చూసింది.

"సార్, మీరు మా ఇంటికి ఫోన్ చేశారా?"

"చేశాను. మీ తాతగారు ఎత్తారు."

"ఏం చెప్పారు?"

"కన్ను మార్చాలన్నాను."

"ఇంకా?"

"ఎడమది దొరికిందన్నాను."

"ఇంకా?"

"ఆ అమ్మాయి వెళ్ళిపోయింది, ఊరికే పడుందని..." తారిఖ్ ఆగిపోయాడు. "యా అల్లా!"

ఇందు రెండు చేతులతో మొహం కప్పుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళు "పాపం" అన్నారు.

ఆమె భయం మాత్రం నవ్వులాట కాదు. నిన్న ఎడమ చేత్తో లాగి చూసింది. వేసిన బాణం సగం దూరం కూడా పోలేదు. ఏడాది నేర్చుకున్నదంతా పక్కన పెట్టి మళ్ళీ మొదటి రోజు పిల్లలా నిలబడాలంటే ఆమెకు మనసొప్పడం లేదు. మార్చుకుంటానని తారిఖ్‌కు ఇంకా మాట ఇవ్వలేదు. తీరా ఇప్పుడు అసలు నిలబడే చోటే పోయేలా ఉంది.

డాక్టర్ దివ్య గారి కళ్ళ ఆసుపత్రి నెహ్రూ చౌక్‌కు దగ్గరలో, రెండో అంతస్తులో ఉంటుంది. తారిఖ్ బండి మీద ఇందు అక్కడికి చేరేసరికి మెట్ల మీద చెప్పుల గుట్ట కనిపించింది. అందులో ఒక జత తాతవని గుర్తుపట్టింది. మధ్యాహ్నమంతా వంతు కోసం కూర్చున్న బంగారయ్య గొంతు లోపల వినిపిస్తోంది.

"నాది తీసి మా పిల్లకెట్టండమ్మా. నాను సంతకం ఎడతాను."

"తాతగారూ, బతికున్నవాళ్ళ కన్ను మేము తీయమండి," అంటోంది డాక్టరు. ఆమె చాలా ఓపికగా మాట్లాడుతోంది. "మనిషి పోయాకే తీసుకుంటారు. అది కూడా కన్నంతా మార్చరు, పైన ఉండే పొర ఒక్కటే."

బుల్లమ్మ ఆలోచించింది. "అయితే ఈయన పోయీదాకా ఆగాలా? కుదరదమ్మా. చవితి లోపల కావాలంట."

"ఉండెహె, నన్ను పోనీ ముందు," అన్నాడు బంగారయ్య ఎందుకో తెలియకుండానే.

అప్పుడే తలుపు తోసుకుని తారిఖ్ లోపలికి వచ్చాడు. పొద్దున్నుంచి తన మాటలు చేసిన పని తెలిసి కూడా, పెద్దాయన మొహం చూడగానే ధైర్యం చెబుదామని అలవాటు కొద్దీ నోరు జారాడు. "వచ్చేసిందండి తాతగారూ! లెఫ్ట్‌ది!" అంటూ భుజం మీది సంచిని బల్ల మీద పెట్టాడు.

గదిలో అందరూ ఆ సంచిని చూశారు. అది మనిషి నడుం ఎత్తు కన్నా పొడుగ్గా ఉంది.

"ఓలమ్మ! కన్ను ఇంత పొడుగుంటాదేటి?" అంది బుల్లమ్మ.

"ఐసులో ఎట్టి తెచ్చేరా?" అని అడిగాడు త్రినాధరావు.

ఇందు ముందుకు వచ్చి సంచి జిప్పు లాగింది. నల్లటి విల్లు ఒకటి బయటకు తీసి తాత ఒడిలో పెట్టింది. "తాతా, మార్చాల్సింది ఇది. నా కళ్ళు రెండూ బాగున్నాయి. కుడి కంటితో గురి మానేసి ఎడమ కంటితో చూడమన్నారు సార్. అంతే."

బంగారయ్య విల్లును అటూ ఇటూ తిప్పాడు. "మరి ఆ సచ్చిపోయిన పిల్ల?"

"చచ్చిపోవడమేమిటండీ! పెళ్ళయి బెంగుళూరు వెళ్ళిపోయింది," అన్నాడు తారిఖ్.

బుల్లమ్మకు కోపం వచ్చింది. "బతికే ఉన్నాదా? పొద్దున్నుంచీ ఆ పిల్ల కోసం ఎంతేడిసేనో నీకు తెలుసా బాబూ? దీపం కూడా ఎట్టేను." కాసేపాగి, "పోన్లే. సల్లగా ఉండనీ," అని ముక్కు చీదింది.

డాక్టరు ఇందు కళ్ళను పరీక్షించి సర్టిఫికెట్ రాయడం మొదలుపెట్టింది. తన వంతు తప్పు సరిదిద్దుకోవాలని త్రినాధరావు కిటికీ దగ్గరకు వెళ్ళి మళ్ళీ టైపు చేశాడు. ఈసారి చిన్నగానే రాశాడు: "మా మేనకోడలు ఇందుకు ఇక కన్ను అవసరం లేదు. ఇంతవరకు సహకరించిన అందరికీ ధన్యవాదాలు."

ముందు ఆటో స్టాండు గ్రూపులో ఎవరో చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. తర్వాత బెల్లం మార్కెట్ వాళ్ళు వెలుగుతున్న దీపం పెట్టారు. పాత విద్యార్థులు "ఓం శాంతి" మొదలుపెట్టారు. ఇందు ఒక కన్ను మూసుకున్న ఫోటోకు ఎవరో పూలదండ కూడా వేశారు. ఏటికొప్పాక ఆయన "రంగు కూడా కలిపేసేను" అని బాధపడుతూ రాశాడు.

అయిదు కావస్తుండగా తారిఖ్ ఫోను మోగింది. కార్యదర్శి.

"తారిఖ్, ఇప్పుడే చూశాను. చాలా విచారకరం. పేరు తీసేస్తున్నాం. సెలక్షన్ రోజున రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం."

తారిఖ్ ఫోనును ఇందు వైపు చాపాడు. ఇందు ఆ ఫోను అందుకుంది.

"సార్, నేను ఇందుని మాట్లాడుతున్నాను."

అవతల నిశ్శబ్దం. ఆ రెండు నిమిషాలు ఇప్పుడే పాటిస్తున్నట్టుంది.

"సార్, నేను బతికే ఉన్నాను. నాకు రెండు కళ్ళూ ఉన్నాయి. సర్టిఫికెట్ ఇప్పుడే పంపిస్తున్నాను."

"కంటికి సంబంధించిందేనా?"

"కంటిదే సార్. బతికున్నట్టు కూడా కావాలంటే ఇక్కడ డాక్టరుగారే ఉన్నారు, రాయించుకుంటాను."

కార్యదర్శి గొంతు సర్దుకున్నాడు. "అక్కర్లేదమ్మా. వినిపిస్తోంది కదా. పేరు ఉంచుతాను." ఆయన ఆగి, ఈసారి కొంచెం మనిషిలా అడిగాడు: "ఏ చేత్తో వేస్తావని రాయాలి? కుడా, ఎడమా? తర్వాత మార్చడానికి వీలుండదు."

ఇందు రెండు నిమిషాలు ఉండమని ఫోను చేత్తో మూసింది.

"ఎడం సెయ్యేటి బాబూ?" అని బుల్లమ్మ తారిఖ్‌ను సన్నగా అడుగుతోంది. "సిన్నప్పుడు ఇది అన్నం ఎడం సేత్తోనే కలిపీది. బలపం కూడా ఆ సేత్తోనే అట్టుకునీది. తప్పమ్మా అని కొట్టి కొట్టి నానే మార్సేను. అన్నం సంగతైతే నాకు తెలుసు. బాణం సంగతి నాకెవులు సెప్పేరు?"

ఎవరూ నవ్వలేదు. బుల్లమ్మ తల వంచుకుని కొంగు చూసుకుంది. అక్కడ ముడి కనిపించింది. పొద్దున్న వేసుకున్నది.

"అమ్మా డాట్రమ్మా, మరిసిపోనాను. ఈయన కుడి కన్నోపాలి సూడు. నేని పొగ కనపడతందంట."

"నాకేటైంది? నాకు బాగానే కనపడతాది," అన్నాడు బంగారయ్య. డాక్టరు మాత్రం ఆయన్ను పరీక్ష కుర్చీలో కూర్చోబెట్టింది. లైటు వేసి చూసింది. ఎడమ కన్ను మూసి, గోడ మీది పెద్ద అక్షరం చదవమంది. ఆయన గోడ ఎక్కడుందని అడిగాడు.

"శుక్లం బాగా ముదిరిపోయింది తాతగారూ. ఎప్పటి నుంచో ఒక్క ఎడమ కంటితోనే నెట్టుకొస్తున్నారు. రెండు కళ్ళ పనీ అదే చేసేస్తుంటే మీకు తెలియలేదు. అదీ అంతంతమాత్రమే." ఆమె లైటు ఆర్పింది. "లోపలి అద్దం తీసి కొత్తది వేయాలి. కన్ను మార్చాల్సింది మీకండీ."

ఇందాక తన కన్నే తీసి ఇచ్చేయడానికి సంతకం పెడతానన్న మనిషి, ఇప్పుడు తన కంటికి తనకే వైద్యమనేసరికి కుర్చీలోంచి దిగిపోయాడు. "ఇప్పుడొద్దమ్మా. సెరుకు జడలు సుట్టాల. ఒక కన్ను సాలు నాకు. ఇన్నాళ్ళూ గడిసిపోనాది కదా." ఆ మాటలు ఇందుకు బాగా తెలుసు. నిన్న సాయంత్రం గ్రౌండులో, ఎడమ చేత్తో విల్లు లాగి దించేసినప్పుడు తను సరిగ్గా ఇలాగే మాట్లాడింది. ఇన్నాళ్ళూ గడిచిపోయింది కదా సార్, అంది.

ఆమెకు గ్రౌండు గట్టు మీద తాత చప్పట్లు గుర్తొచ్చాయి. ప్రతి బాణానికీ. గోనె పట్టాల్లో పడ్డవాటికి కూడా.

"తాతా, నా బాణాలు నీకు కనపడేవా?"

బంగారయ్య పంచె అంచు సవరించుకున్నాడు. "సప్పుడు వినపడీది. తగిలినట్టే వినపడీది."

"నువ్వు కన్ను మార్చుకో. నేను చెయ్యి మార్చుకుంటాను. ఒక్కరే మార్చుకోవడం కుదరదు," అంది ఇందు. తాత జవాబు కోసం ఆగకుండా ఫోను మీది చెయ్యి తీసింది. "సార్, ఎడమ అని రాయండి."

బంగారయ్య బుల్లమ్మ వైపు చూశాడు. పెళ్ళయినప్పటి నుంచీ ఏ గడ ఎటు వాలిందో చెప్పిన మనిషి ఆమె.

"సరే సార్," అన్నాడు డాక్టరమ్మతో.

ఆపరేషన్ ఆ మరుసటి వారమే అయింది. చెరకు జడలు కొడుకూ కోడలూ సెలవు పెట్టి చుట్టారు. ఏ గడ ఎటు వాలిందో బుల్లమ్మ వాళ్ళకూ చెప్పింది. ఇందు తెల్లవారుతూనే గ్రౌండుకు పోయి ఎడమ చేత్తో లాగేది. మొదట్లో బాణాలు తలో దిక్కుకూ పోయేవి. తారిఖ్ సంతోషించాడు. ఒకే తప్పు చోటికి పోవడం కన్నా అది నయమట. మెల్లగా అవి దగ్గరకు చేరాయి, గుప్పెడంత చోటులోకి కాదు గాని, అన్నం పళ్ళెమంత చోటులోకి. అయితే ఈసారి ఆ పళ్ళెం నడిమిలో పసుపు వలయం ఉండేది.

ఎంపిక రోజున బంగారయ్య నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు. పక్కన బుల్లమ్మ, గుమ్మం దగ్గర ఇంకా తరగని బత్తాయిల్లో కొన్ని సంచిలో వేసుకుని. కార్యదర్శి ఇందు పేరు పిలిచి, ఆమె నడిచి రావడం చూసి, చేతిలో కాగితం మీద ఏదో టిక్కు పెట్టుకున్నాడు. జట్టులోకి నలుగురిని తీసుకున్నారు. ఇందుది నాలుగో పేరు.

"చివరిదైనా పేరు పేరే," అని తారిఖ్ అందరికన్నా ముందు గట్టిగా అరిచాడు. త్రినాధరావు అప్పటికే ఫోను తీసి టైపు చేయబోయాడు. బుల్లమ్మ ఆ ఫోను మెల్లగా లాక్కుని బత్తాయిల సంచిలో వేసింది.

బంగారయ్య కళ్ళద్దాలు ఎత్తి, దూరంగా ఉన్న అట్టను చాలాసేపు చూశాడు. "నడిమిన పసుపు రంగుంటాదని నాకెవులూ సెప్పనేదే!" అన్నాడు. తర్వాత మనవరాలిని దగ్గరకు పిలిచి, మూడో బాణం ఎందుకు కిందకు దిగిందో, అయిదోది అంత పక్కకు ఎలా పోయిందో, గాలి చూసుకోవద్దా అని నిలదీశాడు. ఆ రోజు మొత్తం మీద ఆయన చప్పట్లు కొట్టింది నాలుగు బాణాలకే.

ప్రేక్షకుడిగా మాత్రం తాత ఆపరేషన్‌కు ముందే బాగుండేవాడని ఇందు అభిప్రాయం.